ఒకే రకం ప్లగ్గులు, ఇద్దరు వియ్యంకులు

ఆ శనివారం పొద్దున డెల్మర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మీట నొక్కడం, కుర్చీలో కూర్చోవడం, యంత్రం తనంతట తానే బీరు కాస్తుంటే వియ్యంకుడు నోరెళ్లబెట్టడం చూసి ఆనందించడం.

కూతురు హైడి పెళ్లి వేసవి మొదట్లో. పెళ్లి బీరు ఎవరు కాయాలన్న దానిమీద అమెరికా ఊరు షెబాయ్‌గన్‌లోని ఆ రెండిళ్ల మధ్యా చలికాలమంతా రగులుతూనే ఉంది. వియ్యంకుడు ఎల్డన్ గ్యాసు పొయ్యి మీద పాత బాన పెట్టి, చెక్క తెడ్డుతో కలిపి కాస్తాడు. డెల్మర్‌ది కంప్యూటరు చెప్పినట్టు నడిచే యంత్రం. ఈ రోజు కాయకపోతే పెళ్లినాటికి బీరు మాగదు.

ఆ యంత్రానికి కనెక్టర్లు, అంటే ప్లగ్గూ సాకెట్టూ జతలు, ఎంచడానికే అతనికి చలికాలం సరిపోయింది. బీరు క్లబ్బులో అందరూ ఒకటే మొత్తుకున్నారు: హీటరుకొక రకం, పంపుకొక రకం, బాన అడుగున రసం వదిలే వాల్వుకొక రకం పెట్టు, ఒకదాని ప్లగ్గు ఇంకోదాంట్లో దూరకూడదు. డెల్మర్ శ్రద్ధగా విన్నాడు. విని, మూడింటికీ ఒకే రకం మెరిసే స్టీలువి తెప్పించాడు. వరసగా ముచ్చటగా ఉంటాయట. చీటీలు అంటిస్తే ఆ ముచ్చట పోతుందని అవీ అంటించలేదు.

"ఏది ఎందులోదో ఎలా తెలుస్తుందండీ?" అంది భార్య లోర్నా.

"నా చేత్తో బిగించినవి నాకు తెలియవా?"

తెలిసేవే. కానీ వియ్యంకుడొస్తున్నాడని ఆ పొద్దున అన్నీ ఊడదీసి తళతళా తుడిచి, మళ్లీ బిగించాడు.

ఎల్డన్ వచ్చి, చలికి గరాజు తలుపు మూయించి, కుర్చీ లాక్కున్నాడు. "కానివ్వండి బావగారూ. ఇంతకీ మీరు కాస్తున్నారా, అది కాస్తోందా?"

"చూస్తూ ఉండండి," అని డెల్మర్ మీట నొక్కాడు.

వేడి పెట్టమంది కంప్యూటరు. హీటరు సాకెట్లో ఉన్నది పంపు. అది శక్తికొద్దీ తిరిగింది. గొట్టం బానలోంచి ఎగిరిపడి ఎల్డన్‌కు బార్లీ రసంతో తలంటు పోసింది. రసం ఎంతకీ వేడెక్కడం లేదని కంప్యూటరు వేడి కోసం ఇంకా పట్టుబట్టింది.

"ఆపండి బావగారూ, ఆపండి!"

"ఒక్క నిమిషం, ప్లగ్గు మారిందంతే!"

డెల్మర్ పంపు ప్లగ్గు పీకి పక్కదానితో మార్చాడు. పక్కది వాల్వుది. అది వినయంగా తెరుచుకుని, బానలో మిగిలిందంతా నేలపాలు చేసింది. ఆ తర్వాత పంపు నడపాలని కంప్యూటరుకు గుర్తొచ్చింది. పంపు సాకెట్లో హీటరుంది. ఖాళీ బాన అడుగు మాడి పొగ కమ్మింది, నేల మీది తడికి కరెంటు పోయింది. కరెంటు లేకపోతే గరాజు తలుపు లేవదు.

"చేత్తో తెరవడానికి ఎర్రతాడు ఉండాలే?" అన్నాడు ఎల్డన్ దగ్గుతూ.

"గొట్టం కట్టడానికి కోసుకున్నాను."

"మరి పక్క తలుపు?"

"యంత్రం దానికి అడ్డంగా పెట్టాను."

డెల్మర్ ఆ జిగురులోనే కూలబడ్డాడు. ఒక్కగానొక్క కూతురి పెళ్లిలో తన చేతి బీరు ఒక్క గ్లాసైనా పోయలేడు. నిజంగానే ఏడుపొచ్చింది. "మీరే గెలిచారు బావగారూ. మీ బీరే పోద్దాం."

ఎల్డన్ గడ్డం తుడుచుకున్నాడు. "నాది పాడైపోయిందండీ. నోట పెట్టలేనంత పులుపు. మీది బాగా కుదిరితే నా పేరు కూడా కలపమని అడుగుదామనే వచ్చాను."

పొగ చూసి పరిగెత్తుకొచ్చిన లోర్నా, హైడి బయటినుంచి గడ్డపారతో తలుపు పైకి లేపారు. పొగలోంచి ఇద్దరు వియ్యంకులూ ఒకరినొకరు పట్టుకుని బయటపడ్డారు.

"బీరు లేదమ్మా," అన్నాడు డెల్మర్ తల వంచుకుని. "ఎవరి దగ్గరా లేదు."

"ఉంది నాన్నా. క్రిస్మస్‌కే బీరు కంపెనీకి చెప్పేశాం. మీరిద్దరూ దీనిమీద పడి ఉంటే మిగతా పెళ్లి పనుల్లో వేలు పెట్టరని ఊరుకున్నాం."

పెళ్లిరోజు పీపాలకు కుళాయిలు బిగించడానికి మాత్రం ఇద్దరూ పోటీపడి పరిగెత్తారు. తెల్ల బీరు పీపాకొక రకం, నల్ల బీరు పీపాకొక రకం, ఒకదాని కుళాయి ఇంకోదానికి ఎక్కదు. అలాంటివే కావాలని హైడి అడిగి మరీ తెప్పించింది.