ఐదు మూలకాల భోజనం

ఒక పెద్ద అడవిలో, వేటకన్నా మీటింగులు ఎక్కువైపోయిన రోజుల్లో, తల్లుల్లేని పిల్లల కోసం ఒక బాలవాడి ఉండేది. దాన్ని నడిపేది చెంచమ్మ అనే ఎలుగుబంటి. నోరు కాస్త దురుసు. గరిటె పట్టుకుంటే మాత్రం చెయ్యి పెద్దది.

ఆమె పంచన ఇరవై ఒక్కమంది పిల్లలు. రోజూ ఉడికించిన ఉలవలు, వేయించిన చెదపురుగులు పెట్టేది. ఆ ఏడు వానల్లో గురివి అనే ముంగిస పిల్ల జ్వరం పడి లేచింది. లేచిందన్న మాటే గానీ కాళ్ల మీద నిలబడలేకపోయింది.

వైద్యుడు కొండముచ్చు వచ్చి నాడి చూశాడు. "మందులేం అక్కర్లేదు చెంచమ్మా. ఒంట్లో మాంసకృత్తులు పడాలి. ఉలవలు ఇంకో గుప్పెడు ఎక్కువ పెట్టు. అవి లేకపోతే ఈ పిల్ల నీకు దక్కదు" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే బాలవాడికి ఉలవలూ చెదపురుగులూ రెండూ ఆగిపోయాయి.

ఎందుకు ఆగిపోయాయో తెలియాలంటే కొంగ జటాధరం గారి సంగతి చెప్పుకోవాలి. పోషకాహార శాఖకు ఆయనే పెద్ద అధికారి. ఒంటికాలి మీద నిలబడి ఆలోచిస్తాడు కాబట్టి మేధావి అని పేరు పడిపోయింది. ఆయన శాఖలో రోజుకు మూడు మీటింగులు, మీటింగు మీటింగుకూ సభ్యులందరికీ చెదపురుగుల తాలింపుతో ఉలవ గుగ్గిళ్లు. తిండి చాలడం లేదు. మీటింగులు తగ్గించడమా, అది కుదిరే పని కాదు.

"అసలు మాంసకృత్తులంటే ఏమిటండీ?" అని ఒకరోజు జటాధరం గారే అడిగి, జవాబూ తనే చెప్పాడు. "కర్బనం, ఉదజని, ఆమ్లజని, నత్రజని, పిసరంత గంధకం. ఐదంటే ఐదు మూలకాలు. అడవిలో ఊరికే దొరికేవాటి కోసం పిల్లలకు ఉలవలు తగలెయ్యడం దేనికి?"

సభ్యుల నోటినిండా గుగ్గిళ్లే. ఎవరూ కాదనలేదు.

మర్నాడు బాలవాడికి ఒక బుట్టెడు బొగ్గు, కుండెడు నీళ్లు, వేడినీళ్ల ఊట దగ్గర తవ్వి తెచ్చిన పసుప్పచ్చ గడ్డ ఒకటి వచ్చాయి. వాటితోపాటు ఒక ఉత్తర్వు. 'బొగ్గులో కర్బనం కలదు. నీటిలో ఉదజని, ఆమ్లజని కలవు. పచ్చగడ్డ గంధకము, నాలుకకు తగిలించిన చాలును. నత్రజని గాలిలో సమృద్ధిగా ఉన్నందున భోజన సమయమున కిటికీ తెరిచి ఉంచవలెను.'

చెంచమ్మ ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది.

"బొగ్గు తిని పిల్లలు బతుకుతారా సారూ?"

"బొగ్గు అనకమ్మా, కర్బనం అను. నీ ఉలవల్లో ఉన్నదీ అదే."

"ఉలవల్లో అన్నీ కలిసిపోయి ఉంటాయి కదండీ. ఆ మొక్క ఎన్నాళ్లో ఎండకు నిలబడి కలిపితేగా."

"కలుపుకోవడం పిల్లల పొట్టల పని. అన్నీ మనమే కలిపి పెడితే వాళ్లకు బద్ధకం అలవాటవుతుంది" అని ఆయన కాలు మార్చి నిలబడ్డాడు. అంటే మాటలు అయిపోయాయని అర్థం.

నాలుగు రోజులు గడిచాయి. మిగతా పిల్లలు ఆకూ అలమూ నమిలి నెట్టుకొచ్చారు. గురివి బొగ్గు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. చెంచమ్మ తన కోసం దాచుకున్న తేనె తెచ్చి పోసింది. తాగింది గానీ కాళ్లలోకి బలం రాలేదు. ఐదో రోజుకు కళ్లు తెరవడానికే ఓపిక లేదు దానికి. చెంచమ్మకు నిజంగా భయం వేసింది.

ఆ సాయంత్రం జటాధరం గారు ఉలవల బస్తా మోయించుకుని తనే వచ్చాడు. "రేపు రాజుగారి తనిఖీ. వచ్చినవారు పిల్లల పంక్తిలో కూర్చుని, పిల్లలు తినేదే తినాలని మన ఆచారం కదా. ఇవి వండి వడ్డించు. శాఖ పరువు నీ చేతిలో ఉంది."

"అలాగే సారూ" అంది చెంచమ్మ.

తెల్లారకముందే పొయ్యి వెలిగించి బస్తా మొత్తం ఉడకబెట్టింది. మొదట గురివికి వేలితో మెదిపి పెట్టింది. తర్వాత ఇరవైమందికీ కడుపు పట్టినంత పెట్టింది. అడుగున మాడినవి తను తినేసి, కుండ కడిగి బోర్లించింది.

మధ్యాహ్నం సింహం వచ్చి పంక్తిలో కూర్చుంది. పొద్దుటినుంచి మీటింగులు, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. చెంచమ్మ విస్తట్లో నల్లటి ముక్క ఒకటి, పసుప్పచ్చ పొడి చిటికెడు వేసి, నీళ్లు పెట్టింది. సింహం నల్లముక్క కొరికింది. పన్ను కదిలింది.

"ఏమిటిది?"

"మాంసకృత్తులు ప్రభూ. రోజూ పిల్లలకు శాఖవారు పంపేది ఇదే."

"ఇంతేనా?"

"ఇంకొకటుంది. ఒకసారి గాలి పీల్చండి. ఆ, అదీ వడ్డించినట్టే."

సింహం, పక్కనే ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ వైపు చూసింది. జటాధరం గారు గొంతు సవరించుకున్నాడు. "శాస్త్రప్రకారం అంతా సక్రమమే ప్రభూ. ఆ ఐదు మూలకాలు రాతిలో ఉన్నా, గాలిలో ఉన్నా, నాబోటి ఉద్యోగిలో ఉన్నా ఒకటే. ఏమీ తేడా లేదు."

"నీలోనూ ఉన్నాయా ఐదూ?"

"సరైన పాళ్లలో ఉన్నాయి ప్రభూ."

"కలిసే ఉన్నాయా?"

"చక్కగా కలిసి ఉన్నాయి" అన్నాడు జటాధరం గారు గర్వంగా. అన్న తర్వాత తనేమన్నాడో తనకు వినిపించింది. ఎన్నడూ లేనిది రెండో కాలు కూడా కింద పెట్టాడు. "కొలువులో ఉన్నవాణ్ని రాజు తినకూడదని చట్టం ఉంది ప్రభూ."

"ఉంది. నిన్ను నేనెందుకు తింటాను? మూలకాలు తీసుకుంటాను. తేడా లేదన్నావుగా."

చెంచమ్మ పిల్లల్ని పెరట్లోకి తోలి తలుపు వేసింది.

తనిఖీ నివేదికలో 'ఐదు మూలకములు వినియోగింపబడినవి, ఈకలు మిగిలినవి' అని రాశారు. ఖాళీ అయిన కుర్చీలోకి అడవిదున్న వచ్చాడు. శాస్త్రం ఒక్క ముక్క రాదు. పిల్లలకు మాంసకృత్తులు కావాలని చెంచమ్మ అడిగితే, "అంటే ఉలవలేనా?" అని అడిగి నాలుగు బస్తాలు పంపాడు. పదిహేనో రోజున గురివి లేచి నిలబడి, నడిచొచ్చి చెంచమ్మ కాలు కరిచింది. చెంచమ్మ గరిటె పక్కన పెట్టి కళ్లనీళ్లు పెట్టుకుంది.

నీతి: ఆకలిగా ఉన్న పై అధికారికి సిద్ధాంతం వివరించేటప్పుడు, ఉదాహరణగా ఎవరూ తమను చూపించుకోరాదు.