లేని చేతి వేలిముద్ర

చెయ్యి పోయినవారి కష్టాలు ఇకమీదట ఒక్క టిక్కుతో తీరిపోతాయని పెద్దాఫీసు ప్రకటించింది. ఇదివరకు కాయితం మీద రాసిచ్చేవాళ్లు, కృత్రిమ చెయ్యి రావడానికి ఏడాది పట్టేది. అది అనాగరికం. ఇప్పుడు ఆన్‌లైన్ ఫారం వచ్చింది. అందులో ఓ చిన్న గడి, పక్కన "నాకు కుడిచెయ్యి లేదు" అని రాసుంటుంది. టిక్ పెడితే కింద మరికొన్ని గళ్లు తెరుచుకుంటాయి. పెట్టకపోతే ముడుచుకుని బుద్ధిగా కూర్చుంటాయి. చదువుకున్నవాళ్లు తయారుచేసిన ఫారం కదా, ఆమాత్రం తెలివి ఉంటుంది.

వడ్రంగి కుడిచేతిని రంపం మిషను మణికట్టు దాకా తీసుకుంది. కొత్త చెయ్యి వస్తే మళ్లీ చిత్రిక పట్టొచ్చని ఆయన ఆశ. కొట్లో ఆయన పనిబల్లని నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వనని యజమాని మాటిచ్చాడు. అందుకని భార్యని వెంటబెట్టుకుని కంప్యూటర్ సెంటరుకి పరిగెత్తాడు.

అక్కడి అమ్మాయి టిక్ పెట్టింది. గళ్లు తెరుచుకున్నాయి. మొదటిదే ఎర్రగా వెలిగింది: "కుడిచేతి బొటనవేలి ముద్ర తప్పనిసరి."

ఎడమది పెట్టాడు. "ఇది ఎడమది. దయచేసి కుడిది పెట్టండి" అంది ఫారం, ఎంతో మర్యాదగా.

"ఆ చెయ్యి ఎక్కడ పడుందో కూడా దాన్నే చెప్పమనమ్మా, పోయి తెస్తాను," అంది భార్య.

"పోనీ టిక్ తీసేసి చూద్దామా బాబాయ్?" అంది అమ్మాయి.

తీసింది. గళ్లన్నీ మూసుకున్నాయి, ఎరుపు మాయమైంది, ఫారం నూనె రాసినట్టు జారుకుంటూ వెళ్లిపోయింది. వెంటనే జవాబొచ్చింది: "రెండు చేతులూ ఉన్నందుకు అభినందనలు. మీరు అర్హులు కారు." వడ్రంగి ఓసారి చేతివంక చూసుకున్నాడు. ఎంతైనా ఆఫీసు నుంచి వచ్చిన మాట, చూసుకోవడంలో తప్పు లేదు.

మర్నాడు పెద్దాఫీసుకి వెళితే అక్కడి అధికారి ఆయన్ని కూర్చోబెట్టి ఓపిగ్గా బోధించాడు. "ఫారంలో లోపం లేదయ్యా. లోపమంతా నీలోనే ఉంది. టిక్ పెట్టినవాడు ముద్ర వెయ్యాల్సిందే. లేకపోతే చేతులున్నవాళ్లు కూడా లేవని చెప్పి చేతులు పట్టుకుపోరూ?"

"ముద్ర వేశాడంటే చెయ్యి ఉన్నట్టే కదండీ?"

"అదే మరి. అప్పుడు పట్టుకుంటాం."

నెలాఖరుకి బల్ల ఇంకొకడిదైంది. ఆ రోజే వడ్రంగి కాయితం దరఖాస్తు ఒకటి రాయించుకుని ఆఫీసుకి వెళ్లేసరికి హాల్లో సభ జరుగుతోంది. "ఫారం పెట్టాక చెయ్యి లేదంటూ ఒక్క దరఖాస్తూ మాకు అందలేదు," అంటున్నాడు అధికారి. "అంటే మన దగ్గర చెయ్యి లేనివాడంటూ ఒక్కడూ మిగల్లేదు. ఇది మనందరి విజయం."

హాలు మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. వెనకవరసలో వడ్రంగి ఒక్కడే కొట్టకుండా నిలబడ్డాడు. పక్కాయన, మనలాంటి మర్యాదస్తుడే, చప్పట్లు ఆపకుండానే ఆయన వైపు చిరాగ్గా చూశాడు.

"నాలుగు మంచి పనులు జరుగుతుంటే రెండు చప్పట్లు కొట్టడానికి నీ సొమ్మేం పోయిందయ్యా?"