చెప్పుకోలేని మనవి

తొంభై ఎనిమిదిలో, ఉల్లిపాయలు కిలో నలభై అయిన ఆ శనివారం ఉదయం, కూకట్‌పల్లి హౌసింగ్‌బోర్డు కాలనీలో మోషే కారు కొనడం మానుకున్నాడు. మానుకోవడమంటే, ఏడాదికి వాయిదా వేశాడు. హైటెక్ సిటీలో కొత్తగా తెరిచిన ఆఫీసులో ఉద్యోగమే గాని, ధరలు అతని జీతంకంటే చురుగ్గా పెరుగుతున్నాయి.

"మారుతి సంగతి వచ్చే ఏడు చూద్దాం. ఈలోగా నాలుగు రాళ్ళు వెనకేసుకోవచ్చు," అన్నాడు.

"మీ ఇష్టమండీ," అంది భార్య ఎస్తేరు, ఉల్లిపాయ లేని ఉప్మా వడ్డిస్తూ.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన తండ్రి ఫిలిప్, "అలాగేలేరా, తొందరేముంది?" అంటూ పక్కనున్న మంచినీళ్ళ గ్లాసును మోచేత్తో పడేశాడు. ఆ నెలలో అది మూడో గ్లాసు. మోషే దాన్ని కూడా ఖర్చులో వేసుకున్నాడు.

వాళ్ళ చర్చి గుమ్మం దగ్గర ఒక పెట్టె ఉంటుంది. కష్టంలో ఉన్నవాళ్ళు చీటీ రాసి అందులో వేస్తే, పాస్టరుగారు చదివి అందరిచేతా ప్రార్థన చేయిస్తారు. కష్టమేమిటో బయటపెట్టలేనివాళ్ళు "చెప్పుకోలేని మనవి" అని మాత్రం రాస్తారు. సంఘానికి అలాంటి చీటీలంటేనే ఎక్కువ శ్రద్ధ.

మర్నాడు ఆరాధనలో పాస్టరుగారు, "మోషేగారి కుటుంబం. చెప్పుకోలేని మనవి. భారంతో ప్రార్థిద్దాం," అన్నారు.

మోషే ఆడవాళ్ళ వైపు కూర్చున్న ఎస్తేరును చూశాడు. కారు వద్దన్నందుకు నామీద దేవుడికే పితూరీ చెప్పిందన్నమాట, అనుకున్నాడు. ఎస్తేరు అతన్ని చూసింది. ఈయన ఏదో జబ్బు దాస్తున్నాడు, అందుకే కారు వద్దన్నాడు, అనుకుంది. చెప్పుకోలేనిదాన్ని అడగకూడదని వాళ్ళ పద్ధతి. అందుకని ఇద్దరూ ఒకర్నొకరు అడగలేదు.

సోమవారానికల్లా సంఘం కారునీ చీటీనీ కలిపి చూసుకుంది. స్త్రీల సమాజం తరపున రూబీ రెండు కిలోల ఉల్లిపాయలు తెచ్చి, మోషేను ఎగాదిగా చూసి కళ్ళొత్తుకుంది. ఆ ధరలో అన్ని ఉల్లిపాయలు ఊరికే ఇచ్చారంటే, మోషేకే తన ఆరోగ్యంమీద అనుమానం వచ్చింది.

వెళుతూ వెళుతూ రూబీ పక్కింటి ఎల్లేశం చెవిన వేసింది. ఎల్లేశం మోషే ఆఫీసులోనే పనిచేస్తాడు, రోజూ అతన్ని తన స్కూటరుమీద తీసుకుపోతాడు. ఆ రోజు గుంత కనబడినచోటల్లా స్కూటరు దిగి నడిపించాడు.

"జర గట్టిగ పట్టుకో భాయ్. ఫికర్ చెయ్యకు, మేమంత ఉన్నం గద."

"ఎందుకు?"

"ఇగ నువ్వేం చెప్పకు. నాకెర్కే."

ఎల్లేశానికి తెలిసింది మేనేజరు రామబ్రహ్మంగారికి తెలియడానికి గంట పట్టింది. ఆయన మోషే పనిని ఇంకొకరికి అప్పగించి, "ఆరోగ్యం ముఖ్యమండీ, వారం రోజులు రెస్ట్ తీసుకోండి," అని ఇంటికి పంపించారు. ఉద్యోగం ఊడబోతోందనుకుని మోషే అన్నం మానేశాడు. అన్నం మానేశాడు కనుక జబ్బు నిజమేనని ఎస్తేరు ఏడ్చింది. ఆమె ఏడ్చిందని తెలిసి పాస్టరుగారు రోగులకు రాసి ప్రార్థించే తైలం సీసా పట్టుకుని ఇరవైమందితో వచ్చారు.

తైలం నుదుటిమీద పడగానే మోషే లేచి నిలబడ్డాడు. "నాకే రోగమూ లేదండీ! ఎస్తేరూ, కారు కోసం ఆ చీటీ ఎందుకు రాశావు?"

"నేనా? రాసింది మీరు కదూ?"

మూలనున్న కుర్చీలోంచి ఫిలిప్ లేచాడు. లేస్తూ పక్కనున్న స్టూలుకి తట్టుకున్నాడు.

"నేన్రా రాసింది."

"నీకేం కష్టం నాన్నా?"

"కళ్ళురా. చూపు పక్కలనుంచి పోతోందంట. పోయింది మళ్ళీ రాదంట. మొత్తం పోడానికి ఏడాది పడుద్దో, ఆర్నెల్లో. ముప్పై ఒక్కేళ్ళు ఊరందర్నీ తిప్పా. మనోళ్ళని ఒక్కసారి మన బండిలో నేనే చర్చికి తీసుకెళ్దామని ఆశ. అందాకా చూపు ఉంచమని అడిగా."

"నాతో చెప్పొచ్చు కదా!"

"చెప్తే అప్పు చేసయినా కొంటావు. అందుకే నీకు చెప్పలా. దేవుడికి చెప్పా."

మోషే తండ్రిని పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తైలం ఇప్పుడు ఎవరికి రాయాలో తెలియక పాస్టరుగారు సీసా చేత్తోనే పట్టుకుని నిలబడిపోయారు.

మర్నాడే మోషే కారు బుక్ చేశాడు. ఆరు వారాలకు తెల్ల మారుతి వచ్చింది. ఆదివారం అందరూ ఎక్కాక ఫిలిప్ స్టీరింగు ముందు కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు. అద్దం సర్దుకున్నాడు. ఎడమపక్క గేటు స్తంభం కోసం చూశాడు. మళ్ళీ చూశాడు. తరవాత ఇంజను ఆపి, తాళాలు కొడుకు చేతిలో పెట్టాడు.

"స్తంభం కనబడట్లేదురా. అన్నేళ్ళలో ఒక్క కోడిపిల్లని కూడా తొక్కలేదు నేను. నువ్వు తోలు."

"నాకు రాదు కదా నాన్నా. నువ్వు నేర్పిస్తావనే కదా..."

"ఇప్పుడు నేర్పిస్తా. ఎక్కు."

ఫిలిప్ పక్కసీట్లో కూర్చుని, ఇంజను చప్పుడు వింటూ, క్లచ్చు ఎప్పుడు వదలాలో, గేరు ఎప్పుడు మార్చాలో చెప్పాడు. మామగారి చెంపలు తడిగా ఉన్నాయని వెనకసీట్లోంచి ఎస్తేరు చూసింది. కాలినడకన పది నిమిషాల దూరానికి ఆ రోజు వాళ్ళకి ముప్పావుగంట పట్టింది.