వెండెల్ గేటు దగ్గర సిగ్నల్

ఆ రోజు ఉదయం లవెర్న్ ఫ్రీసెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త గార్త్‌ను ఏదో ఒక వంకతో ఇంట్లోంచి పంపాలి. ఆదివారం చర్చికి వేసుకునే నీలం చొక్కా తొడుక్కోవాలి. వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, పదకొండు గంటలకు పక్క టౌను గ్రంథాలయం వాళ్ళతో ఇంటర్వ్యూలో మాట్లాడాలి. గార్త్ భోజనానికి వచ్చేసరికి చొక్కా బీరువాలోకి, ఉడికిన బంగాళాదుంపలు బల్ల మీదకి చేరిపోవాలి.

ఏళ్ళ తరబడి ఆమె నార్‌ఫెల్డ్ సహకార దుకాణంలో రొట్టెలు అమ్ముతోంది. కౌంటరు కింద ఎప్పుడూ ఒక పుస్తకం తెరిచి ఉండేది. రొట్టె అందించి మళ్ళీ తల వంచేది. రోజూ వచ్చేవాళ్ళలో సగం మంది ఆమె గొంతు సరిగ్గా విననే లేదు. గ్రంథాలయంలో పనిచేయాలన్నది ఆమె చిన్ననాటి కోరిక. అక్కడి పాత ఉద్యోగిని కుర్చీ వదిలేసరికి లవెర్న్‌కు యాభై దాటాయి. ఆ కుర్చీ ఇంకోసారి ఖాళీ అయ్యేదాకా ఆగే వయసు కాదు తనది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం రాకపోతే ఊరు ఓదారుస్తుంది, ఆ ఓదార్పుకు అంతుండదు. పక్క పొలం డ్వైట్ ఎప్పుడో స్థానిక ఎన్నికల్లో ఓడిపోయాడు. ఇప్పటికీ కాఫీ కొట్లో అతన్ని చూడగానే గొంతు తగ్గించి, "ఎలా ఉన్నావు డ్వైట్" అని భుజం తడతారు.

గార్త్‌కు చెప్పడమంటే ఊరికి చెప్పడమే. అతను చెడ్డవాడు కాదు. కానీ పొలాల్లో ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో ఒకటి అతని నడుముకు ఎప్పుడూ వేలాడుతుంది. ఊళ్ళో అందరిదీ ఒకే చానల్. గార్త్ వంగినప్పుడల్లా పొట్ట వాలి దాని మీట నొక్కుకుపోతుంది. అతను బూట్లు తొడుక్కుంటూ ఏం గొణుక్కున్నాడో చుట్టుపక్కల పొలాలన్నిటికీ తెలుస్తుంది.

"రాత్రి వాన పడింది," అన్నాడు గార్త్ కిటికీలోంచి చూస్తూ. "గోధుమ తడిసింది. మధ్యాహ్నం దాకా కోత మిషను కదలదు."

"అయితే కాఫీ కొట్టుకు వెళ్ళిరా."

గార్త్ వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు.

"నువ్వే వెళ్ళమంటున్నావా?"

"అందరూ అక్కడే కూర్చుని ఆకాశం చూస్తుంటారు. నువ్వొక్కడివే తక్కువ."

"పెదాలకేంటది?"

"పగిలాయి."

"పగిలితే అంత ఎర్రగా ఉంటాయా?"

"ఎర్రగా పగిలాయి. వెళ్ళు."

గార్త్ పాత లారీ ఎక్కి వెళ్ళాడు. గేటు దాటేదాకా అద్దంలో ఇంటినే చూస్తూ పోయాడు.

లవెర్న్ నీలం చొక్కా వేసుకుంది. నడుము కింద పని ప్యాంటు, రబ్బరు బూట్లు అలాగే ఉంచింది. ల్యాప్‌టాప్ కెమెరా అంత కిందికి చూడదు. తీరా తెరిస్తే ఇంటర్నెట్ లేదు. బయటికి వెళ్ళి చూసింది. రాత్రి గాలికి ఇంటర్నెట్ డిష్ స్తంభం మీద తిరిగిపోయి కోళ్ళ గూటిని చూస్తోంది.

అప్పుడామెకు కోత మిషనులోని ట్యాబ్లెట్ గుర్తొచ్చింది. పొలం పటాలు చూసుకోవడానికి గార్త్ దాన్ని స్టీరింగు పక్కన బిగించాడు. అందులో సొంత సిమ్ ఉంది. సెట్టింగుల్లో ఒక్క మీట తిప్పితే దాని ఇంటర్నెట్ ల్యాప్‌టాప్‌కూ వస్తుంది. కిందటేడు కోతలప్పుడు పని సాయానికి వచ్చినవాళ్ళకూ, పొలానికి భోజనాలు తెచ్చినవాళ్ళకూ గార్త్ గర్వంగా అలాగే పంచిపెట్టాడు. వాళ్ళ ఫోన్లు అడిగి తీసుకుని మరీ పాస్‌వర్డ్ కొట్టాడు.

మధ్యాహ్నం దాకా మిషను కదలదు కనక ట్యాబ్లెట్ అడిగేవాడు లేడు. చిక్కల్లా సిగ్నల్‌తోనే. ఇల్లు పల్లంలో ఉంది. సిగ్నల్ నిలకడగా దొరికేది మిట్ట మీద ఒకే ఒక్క చోట, పెళ్ళి చేసుకోని వెండెల్ ఓల్సన్ ఇంటి గేటు ముందు.

లవెర్న్ ల్యాప్‌టాప్‌ను నల్ల సంచిలో పెట్టి, ట్యాబ్లెట్‌ను పికప్ ముందు సీట్లో పడుకోబెట్టి బయల్దేరింది. దారిలో డ్వైట్ బండి ఎదురొచ్చింది. ఆ రోడ్ల మీద ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ స్టీరింగు మీంచి ఒక వేలు పైకెత్తుతారు. పలకరింపంటే అదే. కోపాలున్నవాళ్ళు కూడా ఎత్తుతారు. డ్వైట్ ఎత్తాడు. సరిగ్గా అప్పుడే ట్యాబ్లెట్ సీటు మీంచి జారింది. లవెర్న్ ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో స్టీరింగును గట్టిగా బిగించి, వేలెత్తకుండా వెళ్ళిపోయింది.

డ్వైట్ బండి పక్కకు ఆపి, చాలాసేపు తన వేలి వంక చూసుకున్నాడు.

ఈలోగా గార్త్ కాఫీ సగంలో వదిలేసి ఇంటికి వచ్చాడు. తనను పంపిన తీరు అతనికి ముందునుంచీ నచ్చలేదు. ఇంట్లో ఎవరూ లేరు. పొయ్యి మీద బంగాళాదుంపలు పచ్చివి పచ్చిగానే ఉన్నాయి. కోత మిషను తలుపు తెరిచి ఉంది. గార్త్ రేడియో తీశాడు.

"ఒరే, వినండి. నా మిషనులో ట్యాబ్లెట్ ఎవడో ఎత్తుకుపోయాడు. కొత్త బండేదైనా కనిపించిందా?"

"కొత్తది కాదుగానీ," అన్నాడు డ్వైట్, "మీ పికప్ కనిపించింది. గార్త్, నువ్వేమీ అనుకోవద్దు. లవెర్న్ వేలెత్తలేదు."

గార్త్ తెరిచి ఉన్న మిషను తలుపును మూశాడు.

"చూసి ఉండదు," అన్నాడు గార్త్.

"నన్ను చూసింది. చూసి స్టీరింగు ఇంకా గట్టిగా పట్టుకుంది. మా నాన్న పోయినప్పుడు కూడా నేను వేలెత్తాను గార్త్. శవం వెనకాల వెళ్తూ ఎత్తాను."

అప్పుడు బెర్నీస్ అందుకుంది. ఆమె తపాలా కౌంటర్లో కూర్చుంటుంది, ఆమె రేడియోకు విశ్రాంతి ఉండదు.

"అడక్కపోయినా చెప్తున్నాను గార్త్, ఇందాక మా కిటికీ ముందునుంచే వెళ్ళింది. ఆదివారం చొక్కా వేసుకుంది. ఇవాళ మంగళవారం. పెదాలకు రంగుంది. పక్కన నల్ల సంచి ఉంది."

"ఎంత సంచి?"

"రెండు జతలు పడతాయి. సర్దుకోవడం తెలిసినవాళ్ళకైతే మూడు."

"ఎటు వెళ్ళింది?"

బెర్నీస్ గొంతు తగ్గించింది. గొంతు తగ్గించినా చానల్ అదే. "మిట్ట మీదికి. వెండెల్ గేటు దగ్గర ఆగింది. ఇంకా అక్కడే ఉంది, మా కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. పోనీ పొరపాటున ఆగిందనుకుందామా అంటే, ఇంజను కూడా ఆపేసింది."

గార్త్ చేతిలో రేడియో వంక చూశాడు. ఎర్రగా పగిలిన పెదాలు గుర్తొచ్చాయి.

"వెండెలా," అన్నాడు. "వాడు సాక్సులు రెండు రంగులవి వేసుకుంటాడు."

"ఒంటరి మగాడి మీద జాలి ఎక్కువుంటుంది కొందరికి," అంది బెర్నీస్. "నువ్వు తొందరపడి ఏమీ చేయకు. నేను క్యాసరోల్ పొయ్యిలో పెడుతున్నాను." ఆ ఊళ్ళో ఎవరైనా పోయినా, ఎవరి కాపురమైనా కూలినా, ఆ ఇంటికి ముందుగా చేరేది ఓవెన్‌లో వండిన కూరతో ఈ క్యాసరోల్ గిన్నే.

ఈ మాటలన్నీ తన వంటింట్లో రేడియో పక్కన కూర్చున్న వెండెల్ కూడా విన్నాడు. అందరికంటే ఎక్కువగా ఆశ్చర్యపోయింది అతనే. కిటికీ తెర కొంచెం తొలగించి చూశాడు. గేటు దగ్గర పికప్ నిజంగానే ఉంది. లవెర్న్‌తో అతను జీవితంలో మాట్లాడినదల్లా "గోధుమ రొట్టె ఒకటి" అన్నంతవరకే. ఆ మాట ఇంత పని చేస్తుందని అతనెన్నడూ అనుకోలేదు. కాసేపు ఆలోచించి, ఇల్లు ఊడ్చాడు. నీళ్ళతో తల దువ్వుకున్నాడు. ఎందుకైనా మంచిదని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

పికప్‌లో ఇంటర్వ్యూ మాత్రం చక్కగా మొదలైంది. తెర మీద గ్రంథాలయ అధికారి మార్లీ ఒలీనిక్, ఆవిడకు అటూ ఇటూ మరో ఇద్దరు కూర్చున్నారు. పుస్తకాల గురించి అడిగితే లవెర్న్ మెల్లగా, తడబడకుండా చెప్పింది. పిల్లలకు ఏం చదివించాలో, కళ్ళు సరిగ్గా కనిపించని పెద్దవాళ్ళకు ఏం తెప్పించాలో చెప్పింది. ఒలీనిక్ తల ఊపింది.

"అంతా బాగుంది. ఒక్కటే అనుమానం. మీరు ఇంత మెల్లగా మాట్లాడతారు కదా. సాయంత్రం స్కూలు బస్సు ఆగగానే పిల్లలంతా ఒక్కసారిగా లోపల పడతారు. ఇంతకుముందున్నావిడ అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. మీరైతే ఏం చేస్తారు?"

ఆ ప్రశ్నకు లవెర్న్ సిద్ధం కాలేదు. నోరు తెరిచింది. తెర మీద ఒలీనిక్ ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి అలాగే బిగుసుకుపోయింది.

అప్పటికి గార్త్, డ్వైట్ తమ బండ్లు మిట్ట కింద ఆపి, వంగుకుంటూ పైకి వచ్చి గేటు పక్క పొదల వరస వెనక చేరారు. వాళ్ళ వెనకే బెర్నీస్, చేతుల్లో గుడ్డ చుట్టిన గిన్నెతో వచ్చింది. ముగ్గురి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. నిరుటి పాస్‌వర్డ్‌ను మనుషులు మర్చిపోయినా ఆ ఫోన్లు మర్చిపోలేదు. దగ్గరికి రాగానే ఒక్కొక్కటీ చడీచప్పుడూ లేకుండా గార్త్ ట్యాబ్లెట్‌కు తగులుకున్నాయి. వైఫై దొరికితే తప్ప ఫోటోలు పంపవద్దని బెర్నీస్ తన ఫోనుకు ఎప్పుడో చెప్పి పెట్టింది. ఎండాకాలమంతా ఆగి ఉన్న మనవరాళ్ళ ఫోటోలు ఒక్కసారిగా ఆ ట్యాబ్లెట్ సిగ్నల్ మీదే బయల్దేరాయి.

"చూడు, ఎవరితోనో మాట్లాడుతోంది," అంది బెర్నీస్ గుసగుసగా.

"బండిలో ఇంకెవరూ లేరే," అన్నాడు గార్త్.

"లేకపోవడమే అనుమానం."

"నవ్వింది చూడు. నాతో అలా నవ్వి ఎన్నేళ్ళయిందో."

"ఎలా ఉన్నావు గార్త్," అని డ్వైట్ గొంతు తగ్గించి అతని భుజం తట్టాడు. భుజం తట్టే అవకాశం తనకు రావడం డ్వైట్‌కు ఇదే మొదటిసారి. అందుకని ఇంకోసారి తట్టాడు.

పికప్‌లో లవెర్న్ ల్యాప్‌టాప్‌ను కొంచెం అటూ ఇటూ జరిపి చూసింది. బొమ్మ కదిలి, మళ్ళీ ఆగింది. ఒలీనిక్ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. "వినిపిస్తోందా... మిసెస్ ఫ్రీసెన్... సమాధానం..." ఇంకాసేపు ఇలాగే ఉంటే వాళ్ళు కట్ చేసేస్తారు. మాట రాక నీళ్ళు నమిలిందనుకుంటారు. అలా అనుకున్నా తప్పు పట్టడానికి లేదు. లవెర్న్ కంగారుగా ట్యాబ్లెట్ వంక చూసింది.

తెర మీద, కలిసిన పరికరాలు నాలుగు అని ఉంది. తను కలిపింది ఒక్క ల్యాప్‌టాప్. చూస్తుండగానే అయిదయింది. వేలితో తాకి చూసింది. ల్యాప్‌టాప్ కింద వరసగా నాలుగు ఫోన్ల పేర్లున్నాయి: గార్త్, డ్వైట్, బెర్నీస్. అందరికంటే ఆఖర్న చేరింది వెండెల్.

లవెర్న్ పక్క అద్దంలోకి చూసింది. గాలి లేదు. పొదలు మాత్రం కదులుతున్నాయి. అవతల, గేటుకు లోపలి వైపు, వెండెల్ తడితలతో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నాడు.

ఆమెకు సిగ్గు వేయలేదు. సిగ్గు రావడానికి కూడా కొంచెం తీరిక కావాలి. తలుపు తెరిచి, రబ్బరు బూట్లతో కిందికి దిగింది. గొంతు పెంచలేదు. ఒక్కొక్క పేరునూ రొట్టె అందించినట్టు మెల్లగా అందించింది.

"గార్త్. డ్వైట్. బెర్నీస్. వెండెల్."

పొదలు ఆగిపోయాయి.

"ఫోన్లు తీయండి. ఆపేయండి. నేలమీద కూర్చోండి. నేను చెప్పేదాకా ఎవరూ మాట్లాడకూడదు."

ముందు గార్త్ కూర్చున్నాడు. తడి గడ్డి అని తెలిసి కూడా కూర్చున్నాడు. డ్వైట్ కూర్చున్నాడు. బెర్నీస్ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఏదో అనబోయి, లవెర్న్ వంక చూసి మానుకుంది. గేటు అవతల వెండెల్ ఇస్త్రీ చొక్కా నలగకుండా చూసుకుంటూ తను కూడా కూర్చున్నాడు.

లవెర్న్ బండి ఎక్కేసరికి తెర మీద ఒలీనిక్ రెండు కళ్ళూ తెరిచే ఉంది. బొమ్మ స్పష్టంగా వస్తోంది. ల్యాప్‌టాప్ వాళ్ళకు అంతసేపూ తెరిచి ఉన్న తలుపునూ, దాని అవతల పొదలనూ చూపిస్తూనే ఉంది.

"ఎవరండీ వాళ్ళు?" అంది ఒలీనిక్.

లవెర్న్‌కు అంతా అయిపోయిందని అర్థమైంది. ఇంకేం దాచుకోవాలి అనిపించి ఉన్నదే చెప్పింది. "ఒకాయన మా ఆయన. మిగతావాళ్ళు ఊరివాళ్ళు."

"ఇప్పుడేం చేస్తున్నారు?"

లవెర్న్ అద్దంలోకి చూసింది. "కూర్చున్నారండి."

"మాట్లాడటం లేదా?"

"లేదండి. నేనింకా చెప్పలేదు."

తెర మీద ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒలీనిక్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇందాక అడిగిన ప్రశ్నకు సమాధానం అందింది మిసెస్ ఫ్రీసెన్. వచ్చే నెల మొదటి నుంచి రాగలరా? శుక్రవారం మేం ప్రకటిస్తాం. అందాకా మాత్రం బయటికి పొక్కనివ్వకండి."

లవెర్న్ ల్యాప్‌టాప్ మూసి, కాసేపు దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. తరవాత దిగి పొదల దగ్గరికి వెళ్ళింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చు," అంది.

"నువ్వు వెళ్ళిపోతున్నావా?" అన్నాడు గార్త్.

"వెళ్తున్నాను. రోజూ పొద్దున. సాయంత్రానికి వస్తాను. గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చింది."

గార్త్‌కు అర్థం కావడానికి కొంత టైము పట్టింది. అర్థమయ్యాక లేవడానికి కూడా కొంత టైము పట్టింది. ప్యాంటు పూర్తిగా తడిసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే ఆగుతుందా?"

"మరి నాకు వేలెందుకు ఎత్తలేదు?" అన్నాడు డ్వైట్. అతనికి ఆ ఒక్క విషయం ఇంకా తేలలేదు. లవెర్న్ అక్కడికక్కడే ఒక వేలెత్తి చూపించింది. డ్వైట్ ఊపిరి పీల్చుకుని తన వేలూ ఎత్తాడు.

"అంటే ఇంటర్వ్యూ కోసమా ఇక్కడ ఆగింది," అన్నాడు వెండెల్ గేటు అవతల నుంచి. "నేను ఇల్లు కూడా ఊడ్చాను."

"ఈ గిన్నె నువ్వే ఉంచుకో," అని బెర్నీస్ క్యాసరోల్‌ను గేటు మీదుగా అతనికి అందించింది.

లవెర్న్ నలుగురినీ ఒక్కొక్కరిగా చూసింది. "శుక్రవారం దాకా ఈ మాట ఎవరికీ తెలియకూడదు. ఒక్కరికి కూడా. ముఖ్యంగా నువ్వు, గార్త్."

"నా నోట్లోంచి రాదు," అన్నాడు గార్త్, ప్యాంటుకంటిన గడ్డి దులుపుకోవడానికి వంగుతూ. "ఒట్టు."

అతను నిటారుగా లేవగానే మీట వదులై, పొట్ట కిందనుంచి రేడియో గరగరమంది. "మేం కూడా చెప్పం లవెర్న్," అంది కాఫీ కొట్టు యజమాని గొంతు. వెనకాల ఎవరెవరో చప్పట్లు కొడుతున్నారు. గార్త్ మిట్ట ఎక్కడానికి వంగినప్పటి నుంచీ అంతదాకా మీట లోపలికే ఉండిపోయిందట.

చెప్పడానికి ఇంకెవరూ మిగల్లేదు కనక, ఊరు శుక్రవారం దాకా ఆ మాట నిలబెట్టుకుంది.