పుల్కా విమోచనం

ఆదివారం పొద్దున ఛాయ్ తాగుతూ దయాకర్ ఆ రోజుకు ఒకటే పని పెట్టుకున్నాడు. గోధుమ తనకు పడదని కాగితం మీద నిరూపించాలి.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఆఫీసులో పాతికేళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్న మనిషి. కాగితం మీద ఉన్నదే నిజమని అతని నమ్మకం. మూడేళ్ళుగా భార్య స్వర్ణలత రాత్రిపూట మూడు పుల్కాలు, ఇంత కూర కంచంలో వేసి పెడుతోంది. పప్పుచారు పోసుకుని, వేళ్ళు నాక్కుంటూ రాత్రి అన్నం తిని ఎన్నాళ్ళయిందో! వద్దని చెప్పే ధైర్యం మాత్రం అతనికి లేదు. ఆ మాటేదో ఏ పరీక్షో చెబితే తనకు గొడవ ఉండదనుకున్నాడు.

ఫోన్లో వెతికితే ఇంట్లోనే చేసుకునే పరీక్షలు మూడు కనిపించాయి. మొదటిదానికి ఇరవై వెంట్రుకలు పంపాలట. దయాకర్ తల తడుముకుని దాన్ని వదిలేశాడు. రెండోది ఉమ్మి పరీక్ష, నలభై పదార్థాలే చూస్తుంది. మూడోది వేలి నుంచి నాలుగు చుక్కల నెత్తురు తీసుకుని, రెండువందల పది పదార్థాల్లో ఏది పడుతుందో, ఏది పడదో రంగుల్లో చెబుతుంది.

రాత్రి తిన్నాక కడుపుబ్బరంగా ఉంటోందని భార్యకు సాకు చెప్పి, "నెత్తురు అబద్ధం ఆడదు, స్వర్ణా" అంటూ మూడోది తెప్పించాడు.

"కడుపుబ్బరానికి ఇంత పరేషాన్ ఏందీ? డాక్టర్ దగ్గరికి పోతే అయిపోతది గద" అంది ఆమె.

డబ్బా వచ్చింది. అందులో సూది కూడా ఉంది. దాన్ని చూడగానే దయాకర్‌కు కళ్ళు తిరిగాయి. అప్పుడే అతనికి ఎదురింటి జోగారావు గుర్తొచ్చాడు. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డ ఆ పెద్దమనిషి, చపాతీ తిన్న మర్నాడల్లా పొట్ట నిమురుకుంటూ మెట్ల దగ్గర కనిపిస్తాడు. అలాంటి నెత్తురు దొరికితే ఇక తిరుగేముంది?

"రావుగారూ, జెర మీ నెత్తురు కావాలె. నాలుగు చుక్కలే."

"అదేంటండీ, పంచదార అడిగినట్టు అడుగుతున్నారు!" విషయమంతా విన్నాక జోగారావు నవ్వి, "ఆ డబ్బా ఇలా ఇవ్వండి, లోపల కానిచ్చుకొస్తాను" అని తలుపేసుకున్నాడు. పది నిమిషాల్లో నాలుగు ఎర్రటి చుక్కలున్న అట్ట తెచ్చి చేతిలో పెట్టాడు. దయాకర్ దాని మీద తన పేరు రాసి పంపేశాడు.

పది రోజులకు ఫోన్లోకి రిపోర్టు వచ్చింది. దాన్ని కావాలనే స్వర్ణలత చేత చదివించాడు.

"గోధుమలు, ఎరుపు" అంది ఆమె. దయాకర్ గుండె గంతులేసింది.

"బియ్యం, ఎరుపు."

"ఏందీ?"

"కందిపప్పు, చింతపండు, పెరుగు, మిరపకాయ, అన్ని ఎరుపే. ఛాయ్ సుత ఎరుపే!"

ఆకుపచ్చగా ఉన్నవి పదకొండు. అందులో పదింటి పేర్లు ఆ ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. పదకొండోది సొరకాయ.

స్వర్ణలత ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. రిపోర్టు ప్రింటు తీయించి ఫ్రిజ్ మీద అంటించింది. పొద్దున ఉడికించిన సొరకాయ, మధ్యాహ్నం డబ్బాలో సొరకాయ, సాయంత్రం సొరకాయ రసం. అది చాలదన్నట్టు ఆఫీసులో తోటి గుమాస్తా జంగయ్యకు ఫోన్ చేసి, "అన్నా, ఆయనను ఛాయ్ ముట్టనీయకు" అని అప్పజెప్పింది. జంగయ్య ఆ బాధ్యతను శ్రద్ధగా తీసుకుని, దయాకర్ వంతు ఛాయ్, బిస్కెట్లు రోజూ తనే కానిచ్చాడు.

నాలుగో రోజు సాయంత్రానికి దయాకర్ ప్యాంటు జారడం మొదలుపెట్టింది. ఇక నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోపే జోగారావు తల్లి నాంచారమ్మ లోపలికి వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి. చేతిలో పళ్ళెం నిండా కజ్జికాయలు, బుగ్గలో ఒకటి.

"అబ్బాయ్, షుగరు పరీక్షని చెప్పి మావాడు నా వేలు పొడిచి మీకిచ్చాడుగా. వాడికేమో సూదంటే చచ్చేంత భయం. ఇంతకీ షుగరు ఉందా, లేదా? లేదంటే ఇంకోటి తింటాను."

స్వర్ణలత పళ్ళెం వైపు చూసింది. మైదా, కొబ్బరి, బెల్లం, నెయ్యి. ఫ్రిజ్ మీద నాలుగూ ఎరుపే. ఆ తర్వాత భర్త వైపు చూసింది.

"ఇది పెద్దమ్మ నెత్తురా?"

"రావుగారిదనుకున్న, స్వర్ణా... పుల్కాలు బంద్ అయితయని... రాత్రిపూట జెర అన్నం తిందామని..."

ఆమె అరుస్తుందనుకున్నాడు. ఆమె అరవకుండా కుర్చీలో కూలబడింది.

"నేనేమన్న ఇష్టంతోని చేస్తున్ననా? మౌలాలిల మీ చెల్లె ఇంట్ల, 'పుల్కాలంటే ఇవి' అని అందరి ముందర మెచ్చుకున్నది ఎవరు? నన్ను సుత ఒక్కనాడన్న మెచ్చుకుంటరేమోనని మూడేండ్ల సంది పెనం ముందర నిలబడుతున్న. అన్నం కావాలంటే నోరు తెరిచి అడగాలె గద!"

దయాకర్‌కు సిగ్గేసింది. ఆ వెంటనే ఆమె మీద జాలి, ప్రేమ ఒక్కసారే పొంగుకొచ్చాయి. తను భయంతో మింగిన పుల్కాలన్నీ ఆమె తన మెప్పు కోసం చేసినవి!

"తప్పయింది, స్వర్ణా. ఇయ్యాల అన్నం నేనే వండుతా" అని బియ్యం కడగడానికి లేచాడు.

ఆ పూట ముగ్గురూ పప్పుచారుతో అన్నం తిన్నారు. అన్నం కాస్త మెత్తబడింది. అయినా నాంచారమ్మ రెండుసార్లు వడ్డించుకుంది. ఫ్రిజ్ మీది రిపోర్టును మాత్రం జోగారావు భార్య దేవిశ్రీ వచ్చి అడిగి పట్టుకుపోయింది. అత్తగారు తన మాట ఎలాగూ వినరని, ఆ నెత్తురే కొడుకులోనూ ఉంది కాబట్టి ఆయనైనా పాటించాలని ఆవిడ వాదన.

జోగారావు వారం రోజులుగా సొరకాయే తింటున్నాడు, పొట్ట మాత్రం ఇంకా నిమురుకుంటూనే ఉన్నాడు.