దిగమంటే దిగడమే!

లారీ డ్రైవర్లకు దేవుడిచ్చిన వరం ఏదంటే, రోడ్డు మీద చెకింగు! నవ్వకండి. డీజిల్ లేకున్నా లారీ పల్లానికి నడుస్తుంది గానీ, చెకింగు లేకుండా మా కడప జిల్లాలో నడవనే కూడదు. అసలే ఊళ్లలో బాంబులు పేలే కాలం, పైగా ఎలక్షన్ల ఏడాది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయేలోపు నాలుగు చోట్ల ఆపి మన క్షేమం విచారిస్తున్నారు. సొంత అల్లుడైనా అంతగా విచారిస్తాడా?

నాకున్నది ఒక్క లారీ. నోరు మాత్రం పది లారీల లోడు. అందుకే ప్రొద్దుటూరులో మా వసారాలో డ్రైవర్లను కూర్చోబెట్టి, చెకింగుకు తయారుచేసే క్లాసులు పెట్టాను. ఉచితం! టీ మా ఆవిడ ఈశ్వరమ్మ పోసేది. పోస్తూ నన్ను చూసే చూపు గురించి ఇక్కడ రాయను.

మొట్టమొదటి పాఠం, అద్దం మీద నాయకుడి ఫొటో ఉండరాదు. ఒక ఊళ్లో దండాలు పెట్టించే ఫొటోనే పక్క ఊళ్లో అద్దం పగలగొట్టిస్తుంది. మా లారీ అద్దం మీద వెంకటేశ్వరస్వామి, మక్కా, ఏసుప్రభువు పక్కపక్కనే సర్దుకున్నారు. మూడు మతాలు పట్టిన చోట రెండు పార్టీలు పట్టవు!

ఇక పనిముట్లు. జాకీ రాడ్డు, పానాలు, మిట్ట మీద చక్రం కింద అడ్డం వేసే కొయ్య మొద్దు, అన్నీ ఇంట్లో పెట్టి పోవాల్సిందే. చెకింగు వాళ్ల కంటికి అవి మారణాయుధాలు. పెద్దముడియం ఆదినారాయణ జాకీ రాడ్డుతో దొరికిపోయి, అది టైరు మార్చడానికేనని నమ్మించేసరికి పొద్దుగూకింది. అప్పటినుంచి మా మొద్దు మా వసారాలోనే భద్రంగా ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది, దిగమంటే దిగడం. ఇంజను ఆపు, గేరు తీసెయ్, చేతులెత్తి దిగు! గేరులో ఉంచితే పారిపోయే ఎత్తు అనుకుంటారు. "దిగు" అన్న మాట పూర్తయ్యేలోపు కాళ్లు నేల మీద ఉండాలి.

మా డ్రైవర్ వలి బాషా ఒక్కడే క్లాసు క్లాసుకూ అడ్డు తగిలేవాడు.

"మామా, హ్యాండ్ బ్రేకు పట్టడంల్యా. మిట్ట మీద కాలు తీస్తే బండి యెనక్కి పోతాంది. ఒగసారి షెడ్డుకు పంపియ్యి."

"బ్రేకు సంగతి యాడన్నా చెకింగులో అడిగినారా అప్పా?"

"అడగల్యా."

"సిలబస్సులో లేందానికి మనకెందుకప్పా?"

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. రోజూ ఆ సీట్లో కూర్చునేది వలి బాషా గానీ, నేను కాదు కదా!

నేను చెప్పిన చదువు ఎలా పండిందో కళ్లారా చూడాలని ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని లారీ ఎక్కాను. జమ్మలమడుగులో నాపరాళ్లు నింపుకుని పులివెందుల దారిలో పోతుంటే, సరిగ్గా మిట్ట మీద పోలీసులు చెయ్యి అడ్డం పెట్టారు.

"దిగురా!"

వలి బాషా ఇంజను ఆపాడు. గేరు తీశాడు. బ్రేకు మీద కాలు తియ్యకుండా నా వైపు చూశాడు.

"చూస్తాండావేంది? దిగు!" అన్నాను. పోలీసులు కాదు, నేనే!

చేతులెత్తి దిగాడు. నా శిష్యుడికి నూటికి నూరు మార్కులు. లారీ వెనక్కి బయలుదేరింది. లోపల ఎవరున్నారో గుర్తుంది కదా?

నాకు డ్రైవింగు రాదు. బ్రేకు ఎక్కడుందో తెలుసు, కాలు అందలేదు. అద్దం మీది దేవుళ్లందరినీ పిలిచాను. చాలక రెండు పార్టీల నాయకులనూ పిలిచాను. వలి బాషా పక్కనున్న బండరాయి ఎత్తుకుని, చక్రం కింద వేద్దామని లారీ వెంట పరుగెత్తాడు. ఇలాంటి కాలంలో, ఆ రోడ్డు మీద, రాయి పట్టుకుని పరుగెత్తే మనిషి! పోలీసులందరూ వచ్చి అతని మీద పడ్డారు. అప్పుడే ఎదురుగా వరసగా సుమోలు వచ్చాయి. కిటికీల్లోంచి వేటకొడవళ్ల పిడులు కనిపిస్తున్నాయి. కానిస్టేబుల్ ఒకాయన వలి బాషాను ఒక చేత్తో అదిమిపట్టి, రెండో చేత్తో సెల్యూట్ కొట్టాడు.

లారీ రోడ్డు దిగి, శనగచేను నల్లరేగడిలో కూరుకుపోయి ఆగింది. పోలీసులు వచ్చి నన్ను దింపి, జేబులు తడిమి, సీటు కింద చూసి, "ఏం ల్యా. అంతా సేఫ్టీగానే ఉండాది, పోండి" అన్నారు. బ్రేకు సంగతి అడిగారా? అడగలేదు. సిలబస్సులో లేదని నేను ముందే చెప్పానా లేదా!

"నువ్వు చెప్పినట్టే దిగినా గదా మామా," అన్నాడు వలి బాషా. నేను ఇస్త్రీ చొక్కాకు అంటిన రేగడి దులుపుకున్నాను.

మర్నాడే బండి షెడ్డుకు పోయింది. చెకింగు భయంతో కాదు. "ఇంగ నువ్వు పక్కసీట్లో కూచ్చుంటేనే బండి తీస్తా" అని వలి బాషా తెగేసి చెప్పాడు, అందుకు!

కాబట్టి ప్రభుత్వం వారికి నా మనవి. చెకింగులు ఆపొద్దు, చిన్న మార్పు చాలు. మిట్ట మీద లారీ ఆపి డ్రైవర్ను దింపినప్పుడు, ఆ సుమోల్లోని పెద్దమనుషులనూ, సెల్యూట్ కొట్టిన సారునూ కాసేపు మా లారీలో కూర్చోబెట్టండి. రెండు పార్టీల వాళ్లూ రావచ్చు, సీటు వెడల్పే. నేను మాత్రం కొయ్య మొద్దు చంకలో పెట్టుకుని కింద నిలబడి ఉంటాను. చక్రం కింద వెయ్యాలా వద్దా అన్నది అప్పుడు ఆలోచిస్తాను.