పద్దెనిమిది చావుల ముఖ్యమంత్రి

ఆ ఉదయం ఆదినారాయణ అనుకున్నది ఒక్కటే: తొమ్మిదింటికల్లా ఫిల్మ్‌నగర్ చేరి, చావడానికి ముందు నాలుగు మాటలు మాట్లాడాలి.

రాజకీయ సినిమాల్లో నిజాయితీపరుడైన ముఖ్యమంత్రి పది నిమిషాలకు మించి బతకకూడదు. కారులో బాంబన్నా పేలాలి, పాలగ్లాసులో విషమన్నా కలవాలి. ఆయన పోతేనే హీరోకి పని. ఆ వేషం ఎప్పుడూ ఆదినారాయణదే. పద్దెనిమిది సినిమాల్లో జనానికి నమస్కారం పెట్టడం, నోరు విప్పకుండా పోవడం. ఈసారి దర్శకుడు సృజన్ దయతలచి ఒక డైలాగ్ ఇచ్చాడు. షూటింగుకు తీసుకున్న అద్దె బంగళా పదకొండింటికి ఖాళీ చేయాలి, ఆలస్యమైతే ఆ డైలాగూ ఉండదన్నాడు.

శ్రీనగర్ కాలనీ ఇంట్లో భార్య సత్యలక్ష్మి వారం రోజులుగా ఆ డైలాగే వింటోంది.

"ఈసారైనా మీ గొంతు వినపడుతుందంటారా?"

"మొత్తం చెప్పాకే పోతాను లేవే."

టైము కలిసొస్తుందని ఖద్దరు పంచె, కండువా ఇంట్లోనే వేసుకున్నాడు. సినిమా కంపెనీ పంపిన తెల్ల అంబాసిడర్ వచ్చింది, నెత్తిన ఎర్ర బుగ్గతో సహా.

"అది తియ్యలేదేమయ్యా?"

"నిన్న షూటింగ్ల పెట్టిండ్రు సార్, ఊడొస్తలేదు. ఫికర్ చెయ్యకున్రి, బట్ట కప్పిన," అన్నాడు డ్రైవర్ ఓదెలు.

ఆ బట్ట బంజారా హిల్స్ దాటకముందే గాలికి ఎగిరిపోయింది. జూబ్లీ హిల్స్‌లో కానిస్టేబుల్ బుగ్గ చూసి ట్రాఫిక్ ఆపి సెల్యూట్ కొట్టాడు. ఆదినారాయణ చేతులు వాటంతటవే లేచి నమస్కారం పెట్టాయి. అంత చక్కటి నమస్కారం చూశాక ఇంకెవరికీ అనుమానం రాలేదు. ఓ పోలీసు జీపు ముందు కదిలి, కారును కొత్త సాఫ్ట్‌వేర్ కంపెనీ గేటులోకి నడిపించింది. అక్కడ మొన్ననే పదవిలోకొచ్చిన మంత్రిగారి కోసం గంట నుంచీ సన్నాయి మోగుతోంది.

"నేను మంత్రిని కాదండీ, అసలు..."

"మీ సింప్లిసిటీ తెలుసు సార్," అంటూ యజమాని ఓంప్రకాష్ మెడలో దండ వేసి, చేతిలో కత్తెర పెట్టాడు. రిబ్బన్ తెగింది. "టూ వర్డ్స్ సార్!" అంటూ మైకు మూతి దగ్గరికొచ్చింది.

ఎదురుగా మూడొందల మంది. ఇరవై ఏళ్లుగా నోరు కుట్టేసిన మనిషికి ఆ క్షణాన వచ్చింది ఒక్కటే.

"నా ప్రజల భూమిని కంపెనీలకు పందేరం చెయ్యనివ్వను! ఒక్క గజం కూడా! ఈ కుర్చీ పోయినా సరే, నా ప్రాణం పోయినా సరే!"

వెనక వరుసలో పనివాళ్లు ఈలలు వేశారు. ప్రభుత్వం చవగ్గా ఇచ్చిన స్థలంలో నిలబడి ఓంప్రకాష్ చెమటలు తుడుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే అసలు మంత్రిగారు దిగారు.

పోలీసులు నమ్మి వదిలేసరికి మధ్యాహ్నం మూడయింది. ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసు ముందు సృజన్ కారెక్కబోతున్నాడు.

"మీరు రాలేదని కథ మార్చేశామండీ. ముఖ్యమంత్రి సినిమాకి ముందే పోయాడు. రేపట్నుంచి గోడ మీద మీ ఫోటో, దండ. అదృష్టవంతులు, క్లైమాక్స్ దాకా ఉంటారు!"

ఆదినారాయణకు ఏడుపొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక అంత బాగా ఎప్పుడూ పలకలేదు. అది కెమెరా చూడలేదు, సత్యలక్ష్మీ వినలేదు.

"చెప్పారా?" అంది ఆవిడ గుమ్మంలోనే.

"చెప్పాను. బాగా వచ్చింది," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

మర్నాడు ఎనిమిదింటికే కారొచ్చింది. ఎందుకైనా మంచిదని ఆదినారాయణ స్నానం చేసి, ఖద్దరు కట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"మీరు గాదు సార్," ఓదెలు తల గోక్కున్నాడు. "జర మీ ఫోటో ఇయ్యమన్నరు."

ఫోటో కారు వెనక సీట్లో కూర్చుని, సరిగ్గా తొమ్మిదింటికి సెట్టుకు చేరింది.